అత్తతో నాగావళి ఒడ్డుకి

మొన్న రాత్రే ఇంటికొచ్చాం. విప్పిన బట్టల్లోంచి ఇసక ఇంకా రాలుతూనే ఉంది. మర్చిపోకముందే రాసేయాలని కూర్చున్నాను.

మా మేనత్తకి డెబ్బై ఒకటి. పుట్టింది శ్రీకాకుళంలో, నాగావళి ఒడ్డున. పంతొమ్మిదో ఏట పెళ్లయి రాజమండ్రి వచ్చేసింది. తర్వాత నాన్న కూడా ఉద్యోగానికని ఇటే వచ్చాడు, అక్కడి ఇల్లు అమ్మేశారు, ఇక ఆ ఊరితో పని లేకుండా పోయింది. పెళ్లిళ్లకి వెళ్లినా కల్యాణమండపంలో భోంచేసి రాత్రి రైలెక్కేయడమే. ఏటి ఒడ్డుకి వెళ్లి ముప్పై ఏళ్లు దాటిందట.

సంక్రాంతి దుమ్ము దులిపేటప్పుడు అత్త దేవుడి గదిలో ఉన్న అరసవల్లి సూర్యనారాయణమూర్తి పటం కిందపడి అద్దం బీటలు వారింది. పగిలిన పటం ఇంట్లో ఉంచకూడదు, చెత్తలో వేయడానికి చెయ్యి రాదు. గోదారిలో కలిపేద్దామంటే ససేమిరా అంది. "ఆ స్వామిది ఆ ఏరే, నాగావళిలోనే కలపాలి" అని పట్టుబట్టింది. మార్చి 9, 10 తేదీల్లో అరసవల్లిలో ఉదయపు ఎండ స్వామి పాదాలను తాకుతుంది కదా, రెండు పనులూ కలిసొస్తాయని బయల్దేరాం. పటాన్ని పాత పొందూరు చీర ముక్కలో చుట్టి దారంతా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

మార్చి 7, శనివారం, శ్రీకాకుళం

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆటో దిగగానే "ఇక నన్నేం అడక్కు, నా వెనకాల రా" అంది అత్త. ఏటికి వెళ్లే దారి కళ్లు మూసుకుని చెప్తానని రైల్లో నాలుగుసార్లు అన్న మనిషి. పావుగంట నడిచాం. పెంకుటిళ్లు ఉండాల్సిన చోట సెల్‌ఫోన్ షాపులు, మూడంతస్తుల మేడలు. ఒక సందులోకి తిరిగితే అది ఇంకో సందులో కలిసింది, అది మార్కెట్ వెనక్కి తేలింది. అత్త ముఖం చూస్తే నాకే జాలేసింది. దారి తప్పినందుకు కాదు, దారి తప్పానని ఒప్పుకోవాల్సి వచ్చినందుకు.

ఎండుచేపలు అమ్ముకుంటున్న ఒకామె గంప పక్కకి జరిపి, "ఎవులింటికమ్మా? ఇందాకట్నించీ ఇలగే తిరుగుతన్నారు, కూకోండి" అంది. ముందు చెంబుతో మంచినీళ్లిచ్చింది. తాగాక అడిగింది: ఏ ఊరు, ఎవరి పిల్లవి, ఏటి పని మీద వచ్చినారు అని. వరస అదే ఇక్కడ, నీళ్లు ముందు, ప్రశ్నలు తర్వాత. మూడో ప్రశ్నకల్లా అత్త నోట్లో యాస తిరగబడింది. యాభై ఏళ్లుగా మా ఇంట్లో "ఏంటి" అన్న మనిషి "ఏటి" అంటోంది, "లేదు"ని "నేదు" అంటోంది. నాన్న పోయాక ఆ మాట తీరు మళ్లీ వినడం అదే.

"ఏరా? ఇలగే ఎల్లిపోండి, గుడివీధి తగుల్తాది. ఇప్పుడు సీకటడిపోనాది గానీ, రేపు ఆదారం కదా, పొద్దున్నే ఎల్లండి. ఆదారం అందరూ ఉంతారు" అంది. అందరూ అంటే ఎవరని అడిగాను. "అదే, ఏటిని సూసుకునే సంఘపోల్లు" అంది. ఊరికే లేవడం బాగోదని పావుకిలో మెత్తళ్లు కొన్నాం, నూట ఇరవై. తూకం అయ్యాక గుప్పెడు ఎక్కువేసింది.

రాత్రి మెస్‌లో భోజనం నూట ముప్పై. అరటికాయ ఆవపెట్టిన కూర, బెల్లం వేసిన గుమ్మడికాయ దప్పళం. ఆవ ఘాటుకి నాకు ముక్కులోంచి నీళ్లొచ్చాయి. అత్త మారు మాట్లాడకుండా రెండోసారి వేయించుకుంది.

మార్చి 8, ఆదివారం, ఏటి ఒడ్డు

ఆరు కాకముందే వెళ్లాం. గుడివీధిలో ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడి కనపడగానే అత్త నడక మారిపోయింది, ఇక దారి అడగలేదు. ఆ గుడి గురించి చిన్నప్పుడు మాకు చెప్పిన కథ మళ్లీ చెప్పింది. కరువొచ్చి జనం అల్లాడిపోతుంటే బలరాముడు తన నాగలితో నేల చీల్చి నీళ్లు పారించాడట, నాగలి చాలు కాబట్టి నాగావళి. ఆయన ఈ ఏటి పొడుగునా ఐదు చోట్ల శివలింగాలు ప్రతిష్ఠించాడని చెప్పుకుంటారు. ఒకటి పైన ఒడిశాలో పాయకపాడు, తర్వాత గుంప, సంగాం, ఇదిగో ఈ గుడి, చివరిది ఏరు సముద్రంలో కలిసే కల్లేపల్లిలో. కలహండి కొండల్లో పుట్టి 250 కిలోమీటర్ల పైన నడిచి వచ్చే ఏరు ఇది. మార్చి కదా, పైన తోటపల్లి దగ్గర, నారాయణపురం దగ్గర నీళ్లు పొలాలకి మళ్లిపోయాక ఇక్కడికి చేరేది కొద్దిపాటే. ఇసక తిన్నెల మధ్య రెండు మూడు పాయలు, అంతే.

చెత్త ఏరుతూ ఓ పదిమంది కనిపిస్తారని అనుకున్నాను. అక్కడ చూస్తే చిన్న సంతలా ఉంది. మోకాళ్లలోతు నీళ్లలో నలుగురు ఆడవాళ్లు బట్టలుతుకుతున్నారు. లారీ ట్యూబుల మీద పిల్లలకి ఈత నేర్పుతున్నాడో కుర్రాడు. మెట్ల మీద ముసలాళ్లు పేపరు పంచుకుని చదువుతున్నారు, ఒకరు మెయిన్, ఒకరు జిల్లా పేజీ. పక్కన ఇడ్లీల బండి. గ్లౌజులు వేసుకుని గోతాలు పట్టుకున్నవాళ్లు ఇంకో పాతికమంది ఉన్నారు గానీ, వాళ్లెవరో చూసి పోల్చుకోవాల్సి వచ్చింది.

సంఘం పెద్ద ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. పేర్లు రాయొద్దన్నారు, సంఘం పేరు కూడా. "రాస్తే పేరు గుర్తుంటాది, ఏరు మర్చిపోతారు" అన్నారు. నేను రాజమండ్రి అని తెలిసి, ఇడ్లీ తింటూ గంటసేపు కూర్చోబెట్టి చెప్పారు. నాలుగిడ్లీ ముప్పై రూపాయలు, అల్లం పచ్చడితో, వేడి తగ్గకుండా టేకాకులో పెట్టిచ్చింది బండి ఆమె.

ఆయన చెప్పిందే నాకు ఈ ప్రయాణం మొత్తంలో దొరికిన అసలు సంగతి, అందుకని కొంచెం వివరంగా రాస్తాను. ఏడేళ్ల కింద పదకొండు మందితో మొదలుపెట్టారు. మొదటి ఏడాదంతా ఆదివారం ఆదివారం ఈ ఒడ్డు ఊడ్చారు. ఎంత ఊడ్చినా వచ్చే ఆదివారానికి మళ్లీ అంతే చెత్త. విసుగొచ్చి మానేద్దామనుకుంటున్న రోజుల్లో ఇక్కడ బట్టలుతికే తాత ఒకాయన అడిగాడట, "బాబూ, మీరు సుబ్రం సేసి ఇంటికెల్లిపోతారు. మీరెల్లాక ఈ ఒడ్డు ఎవులిది?" అని. మాస్టారు ఆ రాత్రి నిద్రపోలేదన్నారు. మనందరం ఒడ్డు శుభ్రంగా ఉంటే జనం వస్తారనుకుంటాం, నిజానికి జనం వస్తూ ఉంటేనే ఒడ్డు శుభ్రంగా ఉంటుంది. తాము లెక్క తలకిందులుగా చేస్తున్నామని అప్పుడు తెలిసిందట.

దాంతో రెండు నెలలు చీపుళ్లు పక్కన పెట్టేసి వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఒకే ప్రశ్న అడిగారు, ఏటికి రావడం ఎందుకు మానేశారు అని. ప్లాస్టిక్ గురించి ఒక్కరూ మాట్లాడలేదట. సర్కారు తుమ్మ బలిసిపోయి పాములు తిరుగుతున్నాయని కొందరు, చీకటి పడితే తాగుబోతులు చేరతారని కొందరు. మెట్లు రెండు విరిగిపోయాయి, దిగితే పడతామని ముసలాళ్లు. ఆడవాళ్లు మాత్రం అందరూ ఒకే మాట, స్నానం చేస్తే తడిబట్టలు మార్చుకునే చోటేదీ అని. అంతే, తుమ్మ కొట్టించారు, మెట్లకి సిమెంటు పూయించారు, రెండు దీపాలు పెట్టించారు, రేకులతో ఓ గది కట్టారు. అంతా కలిపి అరవై నాలుగు వేలయింది, సగానికి పైగా ఆ వీధి ఇళ్లవాళ్లు తలా ఐదొందలు వేసుకున్నదే. అక్కడున్న బట్టలుతికేవాళ్లని గానీ, గుడిసెలవాళ్లని గానీ కదపలేదు. "వాళ్లే కదండీ ఏటికి కాపలా, వాళ్లని పంపేస్తే ఇంకెవరున్నారు?" అన్నారు.

కార్తీకంలో దీపాలు అరటిదొప్పల్లోనే వదలాలని ఇప్పుడు వీధి ఆడవాళ్లే పట్టుబడతారట, పోలిపాడ్యమి ముందు రోజు రాత్రి కూర్చుని వాళ్లే దొప్పలు కోసి పంచుతారట. సంఘం చెప్పక్కర్లేకుండా.

ఇక మా సంగతి.

నేను మాస్టారితో మాట్లాడుతుండగానే అత్త మెట్లు దిగి నీళ్ల దాకా వెళ్లింది. చీర ముక్క విప్పి, పటం బయటికి తీసి, కళ్లకద్దుకుని వంగబోతోంది. గ్లౌజులు వేసుకున్న ఒకామె, యాభై ఏళ్లుంటాయి, అందరూ అప్ప అని పిలుస్తున్నారు, పరుగున వచ్చి చెయ్యి అడ్డం పెట్టలేదు గానీ పక్కన నించుని "అమ్మా, ఒక్క నిమిసం" అంది.

అత్తకి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. "మా తాతల నాటినుంచీ ఈ ఏట్లోనే కలుపుతున్నాం. నేను పుట్టిన ఒడ్డిది. నువ్వెవరు నాకు చెప్పడానికి?" అంది. అందరూ తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్ప మాత్రం ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "మీ ఏరేనమ్మా, నేదంతానా? ఒక్కసారి ఇలగ రండి, సూసి మీకేటి సెయ్యాలో అదే సేద్దురు గానీ" అని చెయ్యి పట్టుకుని రావిచెట్టు కిందికి తీసుకెళ్లింది.

అక్కడ రెండు గోతాల నిండా గాజు పెంకులు. ఏట్లోంచి తీసినవి, సీసాలవి సగం, మిగతా సగం దేవుడి పటాలవి. నా కాలి దగ్గరే ఒక ముక్క మీద లక్ష్మీదేవి చెయ్యి, చేతిలోంచి రాలుతున్న నాణేలు, అంతవరకే అతుక్కుని ఉంది. ఈత నేర్చుకుంటున్న పిల్లల్లో ఒకడిని పిలిచి "కాలు సూపీయరా" అంది అప్ప. పదేళ్లుంటాయేమో, వాడు ఒంటికాలి మీద నించుని పాదం ఎత్తి చూపించాడు. మడమ నుంచి వేళ్ల దాకా తెల్లగా కుట్ల గీత. "ఏడు కుట్లు" అన్నాడు గొప్పగా.

అత్త పటం వంక చూసింది, వాడి పాదం వంక చూసింది. ఏమీ అనకుండా రావిచెట్టు గట్టు మీద కూర్చుంది.

పటాలు ఏట్లో వేసేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. అత్తలాగే, చెత్తలో వేయడానికి మనసొప్పక తెచ్చేవాళ్లే. అది తెలుసు కాబట్టి ఈ సంఘంవాళ్లు బోర్డు పెట్టి ఊరుకోకుండా ఆ చెట్టు కింద ఒక పద్ధతి పెట్టారు. తెచ్చినవాళ్ల ముందే పటం విప్పుతారు, లేదా వాళ్ల చేతే విప్పిస్తారు. అద్దం ఒక గోతంలోకి, మేకులు డబ్బాలోకి. కాగితం మాత్రం ఏటి నీళ్లు నింపిన మట్టి గోలెంలో, పసుపు కలిపి, పూలేసి నానబెడతారు. నానిన గుజ్జు చెట్ల మొదట్లో పోస్తారు. గుడి దగ్గర ఓ పెద్దాయనని అడిగితే "నీళ్లు ఏటివే కదా, ఇంకేం కావాలి" అన్నారట.

అత్త తనే విప్పింది. వెనక మేకులు తుప్పుపట్టి ఉన్నాయి, అప్ప ఇచ్చిన పట్టకారుతో ఒక్కోటీ లాగింది, పద్నాలుగు. అట్ట ఊడొచ్చింది. అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో మా తాతయ్య చేతిరాత, మసక మసకగా: "1968 రథసప్తమి. రూ. 4, ఫ్రేముతో."

ఇన్నేళ్లూ పూజ చేసిన పటం వెనక తన నాన్న రాత ఉందని అత్తకి తెలీదు. వేలితో ఆ అంకెని తడుముతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత అద్దానికి అంటుకుపోయిన కాగితాన్ని తడి గుడ్డతో తడుపుతూ మెల్లగా వదిలించింది. ఏడు గుర్రాల్లో రెండు అద్దానికే ఉండిపోయాయి, వాటినీ గోరుతో గీకి గోలెంలో వేసింది. ఫ్రేము చెక్క, అట్ట మాత్రం ఇవ్వనంది. "అవి మీవేనమ్మా" అంది అప్ప.

వెళ్లేముందు అత్త ఆమె చేతులు పట్టుకుని "ఇందాక కోప్పడ్డాను తల్లీ" అంది. అప్ప నవ్వి, "మొదటిసారి నేను పటమట్టుకొచ్చినప్పుడు మాస్టార్ని తిట్టీసినాను, మీరు నయం" అంది.

అంతా బాగుందని రాయను. ఆ మెట్లకి దిగువన ఊరి మురుగు కాలువ వచ్చి పడుతోంది, గాలి ఇటు తిరిగితే ముక్కు మూసుకోవాల్సిందే. కాలువ దారిలో మెట్టతామర, తుంగ నాటారు, చెత్త అక్కడ ఆగుతోంది, నీళ్లు మాత్రం నల్లగానే వస్తున్నాయి. శుద్ధి చేసి వదిలితే తప్ప ఇది తమ చేతుల్లో లేదని మాస్టారు చెప్తున్నప్పుడు గొంతులో బాధ తెలిసింది. ఏడేళ్లుగా కాగితాలు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారట.

మార్చి 9, సోమవారం, అరసవల్లి

నాలుగున్నరకే క్యూలో నించున్నాం. ఐదు ద్వారాలు దాటి, అనివెట్టి మండపంలోంచి, ధ్వజస్తంభం పక్కనుంచి వచ్చే ఎండ మూలవిరాట్టు పాదాలను కొద్ది నిమిషాలు తాకాలి. ఆరుంపావుకి వేలమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ముందు వరసవాళ్లు ఎవరూ చెప్పకుండానే కూర్చున్నారు, వెనకవాళ్లకి కనపడాలని. కానీ తూర్పున మంచు తెర అలాగే ఉండిపోయింది. ఆరున్నరకి ఎవరో "రేపు పడతాదిలే" అన్నారు, అందరూ సరే అని లేచారు. అత్తకి ఏం బాధ లేదు. "నేను చూడకపోతే ఆయన రాకుండా ఉంటాడా" అంది. గుడి బయట కొత్త పటం కొంది, కాగితం మాత్రమే, చుట్టచుట్టి ఇచ్చారు, అరవై రూపాయలు.

గుడి వీధిలో చోడి అంబలి, అంటే రాగి అంబలి, అమ్ముతున్నారు, స్టీలు గ్లాసుడు ఇరవై. పుల్లటి మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ, నంజుకోడానికి వేయించిన మిరపకాయ. మధ్యాహ్నం దాకా ఆకలేయలేదు.

సాయంత్రం మళ్లీ ఏటికి వెళ్లాం. నాకు చూడాలనిపించింది, సోమవారం ఎలా ఉంటుందో, సంఘం లేని రోజు. దీపాలు వెలుగుతున్నాయి. మెట్ల మీద చంటిపిల్లకి అన్నం పెడుతున్న తల్లి, ఫోన్లో పాఠం వింటున్న ఇద్దరమ్మాయిలు, పేకముక్కలతో చతుర్ముఖ పారాయణం చేస్తున్న నలుగురు మగాళ్లు. ఒడ్డు ఆదివారం ఉన్నట్టే ఉంది. కానీ మేం చూస్తుండగానే వంతెన మీద ఒక కారాగి, ఒకాయన దిగి, ముడేసిన పెద్ద కవరు కిందికి వదిలాడు. పూజ పూలనుకుంటా. ఇడ్లీల బండి ఆమె కిందనుంచి "ఓలమ్మో, ఓ బాబూ! ఇక్కడ మనుసులున్నారు!" అని కేకేసింది. ఆయనకి వినపడిందో లేదో, కారెక్కి వెళ్లిపోయాడు. ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి నీళ్లలోకి దిగి ఆ కవరు తెచ్చుకుని బుట్టలో వేసింది. ఆమె సంఘంలో సభ్యురాలు కాదు, అడిగాను.

మార్చి 10, మంగళవారం, వంశధార వెంట

ఆటో రోజంతా మాట్లాడుకున్నాం, పద్నాలుగొందలు. ముందు శ్రీకూర్మం. రెండు ధ్వజస్తంభాలున్న గుడి, పడమటి ముఖంగా ఉంటాడు స్వామి. ఆవరణలో నక్షత్ర తాబేళ్లు, వీపు మీద పసుపు గీతలతో నెమ్మదిగా ఆకులు నములుతున్నాయి. అత్త కాసేపు వాటి దగ్గరే కూర్చుంది.

శాలిహుండం కొండ నేనొక్కదాన్నే ఎక్కాను. అత్త కింద చింతచెట్టు నీడన ఆటో అబ్బాయికి వాళ్ల అమ్మ వంటల గురించి ప్రశ్నలు వేస్తూ ఉండిపోయింది. పైన ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు. ఈ శిథిలాలను 1919లో మొదట గుర్తించింది మన గిడుగు రామమూర్తిగారే. మనం రోజూ మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడిన మనిషి ఎండలో ఈ కొండ ఎక్కి ఇటుకలు చూసుకుంటూ తిరిగాడంటే నాకు ఒళ్లు పులకరించింది. పైనుంచి వంశధార ఎంత వెడల్పుగా కనిపిస్తుందో! వెడల్పంతా ఇసకే అనుకోండి, మధ్యలో వెండి తీగలా నీళ్లు.

కళింగపట్నం వెళ్తూ మళ్లీ దారి తప్పాం. ఫోన్ చూపించిన రోడ్డు జీడితోటల్లోంచి వెళ్లి వెళ్లి ఒక ఉప్పునీటి పాయ దగ్గర ఆగిపోయింది. అవతల దీపస్తంభం కనిపిస్తోంది, వెళ్లే దారి లేదు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన తల ఎత్తకుండానే "ఫోనెట్టుకొచ్చినారా? అందరూ ఇక్కడికే వత్తారు" అన్నాడు. వెనక్కి ఐదు కిలోమీటర్లు.

కళింగపట్నం ఒకప్పుడు ఓడలొచ్చిన రేవు. వంశధార సముద్రంలో కలిసేది ఇక్కడే. ఇప్పుడు దీపస్తంభం, దర్గా, పడవలు, ఆదివారాలు బీచికి వచ్చే జనం. మాస్టారు ఫోన్ చేసి చెప్పబట్టి తాబేళ్ల గుడ్లు కాపాడే ఒక మత్స్యకారుడి ఇంట్లో రాత్రి ఉన్నాం. వాళ్లావిడ చింతకాయ వేసి మెత్తళ్లు వండింది, పచ్చివి. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. అత్త వాళ్ల మనవరాలి చేతిలో రెండొందలు పెట్టి గుప్పిట మూసింది, అదొక్కటే వాళ్లు కాదనలేకపోయింది.

ఆయన చెప్పిన మాటలు వింటుంటే ఏటి ఒడ్డు మాస్టారే గుర్తొచ్చారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతాకాలం చివర్నుంచి రాత్రిళ్లు ఒడ్డెక్కి ఇసకలో గొయ్యి తీసి ఒక్కోటీ వంద, ఆపైన గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కలు, నక్కలు తవ్వేస్తాయి. మనుషులూ తీసుకెళ్లేవారు, తన చిన్నప్పుడు తనూ తిన్నానని ఆయన దాచకుండా చెప్పాడు. ఇప్పుడు ఆ సీజనంతా రాత్రి ఒంటిగంట నుంచి ఒడ్డు పొడుగునా నడిచి, గుడ్లు తీసి, కంచె కట్టిన చోట మళ్లీ అదే లోతులో పాతిపెడతారు. అందుకు కూలి ఇస్తారు. నలభై ఐదు రోజులు దాటాక పిల్లలు వస్తాయి. ఇసక వేడిని బట్టి ఆడో మగో తేలుతుందట, వేడెక్కువైతే ఆడవి.

"ముందు కూలి కోసమే సేసినాను. తర్వాత తెలిసినాది, తాంబేలు జెల్లీచేపని తింతాది, జెల్లీచేప మన చేపపిల్లల్ని తినేస్తాది. తాంబేలుంటే నా వలలో చేపుంటాది" అన్నాడు. అత్త అందుకుని "పొద్దున్నే దర్శనం చేసుకున్నాం కదా, కూర్మావతారం" అంది. "అదీ ఉన్నాదమ్మా" అన్నాడాయన.

మార్చి 11, బుధవారం, సంగమం

తెల్లవారుజామున లేపారు. బుట్టలో ఎనభై మూడు పిల్లలు, ఒక్కోటీ బొటనవేలంత, నల్లగా. నీళ్లకి పది అడుగుల దూరంలో వదిలారు. ఎవర్నీ తాకనివ్వలేదు, ఆ ఇసక మీద వాటంతట అవే పాకాలట. ఒకటి వెనక్కి తిరిగి అత్త కాళ్ల వైపు రాసాగింది. అత్త కదల్లేదు, మెదల్లేదు, "అటమ్మా, అటు" అని మెల్లగా అంటూ నించుంది. దాని పక్కనే వంగి ఆ మనిషి చేత్తో ఇసకలో ఒక గాడి గీశాడు. అది ఆ గాడిలో పడి, తిరిగి, అలలోకి వెళ్లిపోయింది. నాగలి చాలులాగే ఉందని నాకనిపించింది, అత్తకి చెప్పాను. ఊఁ అంది.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, ఆ రోజుల్లో ఇల్లెలా గడుస్తుందోనన్న టెన్షన్ ఆయనకి అప్పుడే మొదలైంది. బయల్దేరేటప్పుడు ఆ మాటే చెప్పాడు, మళ్లీ రమ్మన్నాడు.

రాజమండ్రి

ఈ రోజు పొద్దున్న అత్తని తీసుకుని పటాల షాపుకి వెళ్లాను. పాత ఫ్రేము చూసి షాపతను, "ఇది టేకండీ, ఇప్పుడు ఇలాంటిది రాదు" అన్నాడు. అద్దం కొత్తది వేయించాం, ఫ్రేముకి పాలిష్ పట్టించాం, అరసవల్లిలో కొన్న కాగితం పెట్టించాం. అట్ట కూడా కొత్తది వేస్తానంటే అత్త ఒప్పుకోలేదు, పాతదే పెట్టమంది. మూడొందల ఇరవై తీసుకున్నాడు.

మేకులు కొట్టబోతుంటే ఆగమని, అతని చెవి మీదున్న పెన్సిల్ అడిగి తీసుకుంది. అట్ట మీద తాతయ్య రాత కింద చోటు చూసుకుని, చెయ్యి వణక్కుండా ఎడమచేత్తో పట్టుకుని రాసింది: "రూ. 320. అద్దం, కాగితం కొత్తవి. ఏట్లో వేయొద్దు."